రాతి పనిముట్లతో కడుతున్న గుడిసెలోకి కొడవలి వస్తే మోసమేనా?

నిట్రాడ:
సంక్రాంతి సెలవుల్లో మేం నలుగురం స్నేహితులం మా మేనమామ గారి మామిడి తోటలో ఒక పందెం వేసుకున్నాం. మూడు రోజుల్లో, కొన్న వస్తువు ఏదీ వాడకుండా, నలుగురు పడుకునే గుడిసె కట్టాలి. పనిముట్లు కూడా అక్కడ దొరికిన వాటితోనే చేసుకోవాలి.

వాగులో గుండ్రాళ్లు ఏరి పగలగొడితే పదింటికి ఒకటి పనికొచ్చే పెచ్చు ఇచ్చింది. దాంతో కర్రను నరకడం కుదరలేదు, ఎలక కొరికినట్టు చుట్టూ కొరికి విరవడమే. రెండో రోజు మధ్యాహ్నానికి మా దగ్గర ఉన్నది నాలుగు గుంజలు, ఎనిమిది చేతుల బొబ్బలు. అప్పుడు మాలో ఒకడు చెప్పా పెట్టకుండా కొట్టంలోంచి కొడవలి తెచ్చి, గంటలో ఇరవై కట్టల రెల్లు కోసి పడేశాడు. సాయంత్రానికి గుడిసె లేచింది. రాత్రి హాయిగా పడుకున్నాం కూడా.

గొడవ ఆ తర్వాత మొదలైంది. ఇద్దరేమో పందెం ఓడిపోయాం అంటారు. కొడవలి తెచ్చినవాడేమో "తలదాచుకోవడానికి కదా కట్టింది, దాచుకున్నాం కదా" అంటాడు. మీరేమంటారు?

రాతియుగం రాజు:
ఓడిపోయారు. ఇందులో చర్చ ఏముంది బ్రదర్?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జాన్ ప్లాంట్ అనే ఆయన 2015 నుంచి యూట్యూబ్‌లో వీడియోలు పెడుతున్నాడు. ఒంటి మీద నిక్కరు తప్ప బజారు వస్తువు ఉండదు. రాతి గొడ్డలి తనే నూరుకుంటాడు, తడికె అల్లి మట్టి మెత్తుతాడు, పెంకులు కాలుస్తాడు. వీడియోలో ఒక్క మాట మాట్లాడడు. ఆయన్ని చూసి పుట్టిన కాపీ చానెళ్లు ఏం చేశాయో తెలుసుగా? కట్టెపుల్లతో ఈతకొలను తవ్వినట్టు చూపిస్తారు, కెమెరా ఆగాక వచ్చేది ప్రొక్లెయిన్. నియమం ఒకసారి సడలిస్తే కొడవలి దగ్గర ఆగదు.

అమ్రాబాద్ దారి:
రాజు గారూ, ఆదిమ మనిషి ఇనుము వద్దన్నాడని మీకు ఎవరు చెప్పారు? 1940ల్లో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నల్లమల చెంచుల గురించి రాసేనాటికే వాళ్ల చేతిలో ఇనుప గొడ్డలి ఉంది, గడ్డలు తవ్వే కర్రకు ఇనుప మొన ఉంది. గుడిసె మాత్రం అడవిదే: గుండ్రంగా వెదురు తడికె, పైన గడ్డి కప్పు. గొడ్డలి సంతలో దొరికింది కాబట్టి వాళ్లకు అడవి తెలియదంటారా?

అంతెందుకు, అండమాన్‌లో నార్త్ సెంటినెల్ దీవి వాళ్లు బయటివాళ్లను దగ్గరికే రానివ్వరు. 1981లో ప్రిమ్‌రోజ్ అనే ఓడ అక్కడి పగడపు దిబ్బల్లో ఇరుక్కుంటే, దాని ఇనుము ఊడదీసి ఆయుధాలు చేసుకున్నారు. ఒడ్డుకు ఏది కొట్టుకొస్తే అది వాళ్ల అడవిలో భాగమే.

ఇంకో మాట. ఇనుము మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మర్లు మట్టి మూసలు, బొగ్గు, ఖనిజంతో తీసిన ఉక్కును పరాయి దేశాల వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. అవి ప్రకృతి వస్తువులు కావా?

రాతియుగం రాజు:
అయితే ఆ తమ్ముడిని కూడా ఖనిజం కరిగించి కొడవలి చేసుకోమనండి, నేను కాదనను. జాన్ ప్లాంట్ వాగులో తేలే తుప్పురంగు బురద ఎండబెట్టి, కొలిమిలో ఊది, గింజలంత ఇనుము తీశాడు. అదీ పద్ధతి.

చెంచులకు అది బతుకు. మనం చేసేది పరీక్ష, అదీ మనకు మనం పెట్టుకున్నది. పరీక్షలో స్లిప్పు పెట్టి "ప్రశ్న తెలిసిందిగా" అంటే ఎలా?

నిట్రాడా, మీ అసలు తప్పు రాయి దగ్గర జరిగింది. వాగు గుండ్రాయి పెచ్చు కోయడానికి, గీకడానికి సరే, కర్ర నరకడానికి చాలదు. బళ్లారి పక్కన సంగనకల్లు కొండల మీద నవీన శిలాయుగం వాళ్లు గొడ్డళ్ల కార్ఖానాయే పెట్టారు. వాళ్లు ఎంచుకున్నది డోలరైట్, మన వాడుకలో నల్లరాయి. ముందు కొట్టి ఆకారం తెచ్చి, తర్వాత బండ మీద నీళ్లు, ఇసుక వేసి అంచు నూరాలి. ఓపిక ఉంటేనే.

పోర్ట్‌లాండ్ పంతులు:
నేనిక్కడ ఒరెగాన్‌లో వారాంతపు క్లాసుకు వెళ్లి విల్లు ఆడించి, దాని తాడుతో పలక మీద కర్రను గిరగిరా తిప్పి నిప్పు పుట్టించడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం పెద్ద మాట. మొదటి రోజంతా పొగ, చెమట, తెగిన తాడు. నా బలం తక్కువ అనుకున్నాను, తీరా చూస్తే కర్ర లోపల తడి ఉంది. మెత్తటి ఎండు కర్రకు మార్చి, పలకలో గాడి సరిగ్గా కోశాక నల్లటి పొడి రాలి కుప్పపడింది, అందులోంచి నిప్పురవ్వ లేచింది. ఆ గాడి కోసింది స్టీలు చాకుతోనే. రాజు గారి లెక్కలో నేనూ స్లిప్పు పెట్టినట్టే!

ఇక్కడికి దక్షిణాన కాలిఫోర్నియాలో 1911లో ఇషీ అనే యాహీ ఆదివాసీ తెగ మనిషి అడవి నుంచి ఒంటరిగా బయటికొచ్చాడు. తన జాతిలో మిగిలిన చివరివాడు. మ్యూజియంలో జనం ముందు బాణం ములుకులు చెక్కి చూపించేవాడు, అందులో సీసా గాజుతో చెక్కినవీ ఉన్నాయి. గాజు చక్కగా పగులుతుంది కాబట్టి వాడాడు. ఆయన కన్నా ఆదిమ పద్ధతి తెలిసినవాళ్లు ఈ చర్చలో ఎవరున్నారు?

చూరు కింద:
నాది శ్రీకాకుళం. మా తాత, నాన్న ఇళ్లు నేసేవాళ్లు. కొడవలి సంగతి పక్కన పెట్టి నాకు రెండు చెప్పండి. వాలు ఎంత పెట్టారు? గడ్డి ఏ కొస నుంచి మొదలెట్టారు?

గడ్డి కప్పుకు వాలు నిటారుగా ఉండాలి. నలభై ఐదు డిగ్రీల కన్నా తగ్గితే నీరు జారకుండా గడ్డిలోకి ఇంకుతుంది, నాలుగు వానలకే కుళ్లుతుంది. నేత చూరు నుంచి మొదలై మీదికి పోవాలి, పై వరస కింది వరసను సగానికి పైగా కప్పాలి. రెల్లు పూత అయిపోయి ఎండాక కోయాలి, ఆ లెక్కన మీ సంక్రాంతి సరైన కాలమే. వెదురుకు మాత్రం కోశాక చెరువులో నానబెట్టడం ముఖ్యం. అందులోని తీపి పదార్థం నీళ్లలోకి దిగిపోకపోతే పుచ్చు పట్టి పొడి రాలుతుంది. కట్టడానికి తాటినార తడిపి బిగించాలి, ఆరాక ఇంకా బిగుస్తుంది.

మా వైపు చుట్టిళ్లు చూశారా? గుండ్రటి మట్టిగోడ, గొడుగులాంటి కప్పు, వంగితే గానీ దూరలేనంత కిందికి చూరు. తుపాను గాలికి పట్టు దొరక్కుండా అలా కట్టారు. ఇప్పుడు నేసేవాళ్లే దొరకట్లేదు. మా నాన్న కత్తి లేకుండా ఒక్క వాసం కూడా చెక్కడు. కానీ ఆ కత్తి మీ చేతికిస్తే ఆ కప్పు మీరు నేయగలరా అని అడుగుతున్నా, కోపం వద్దు.

రాతియుగం రాజు:
కోపం లేదన్నా. ఆ వాలు లెక్క నేను రాసిపెట్టుకున్నాను. మోసం మాత్రం మోసమే.

గట్టుమీద కాకి:
వీడియోలు చూసి ఉత్సాహపడే పిల్లలకు ఒక మాట. సొంత తోటలో చేసుకోండి. రిజర్వు ఫారెస్టులో కొమ్మ నరికినా, నిప్పు పెట్టినా కేసే. రాయి కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ఆరుబయట కొట్టండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కళ్లద్దాలు రాతియుగంలో లేవని రాజు గారు నన్ను కూడా డిస్‌క్వాలిఫై చేస్తారేమో.

నిట్రాడ:
అందరికీ థాంక్స్. చూరు కింద అన్నా, మీ ప్రశ్నకు జవాబు మొన్న వాన చెప్పింది. శివరాత్రి వెళ్లాక ఒక రాత్రి గట్టి జల్లు పడితే మామయ్య ఫోటోలు పంపారు. మేం కప్పు మీది నుంచి కిందికి కప్పుకుంటూ వచ్చాం. నీరంతా వరసల సందుల్లోంచి నేరుగా పడకల మీదికే దిగింది. కొడవలితో కోసిన గడ్డి, చేత్తో పీకిన గడ్డి రెండూ ఒకేలా తడిశాయి.

పందెం ఇంకా తేలలేదు. కొడవలి తెచ్చినవాడు మాత్రం రాజు గారి పోస్టు చదివి, రోడ్డు పని దగ్గర నల్లరాయి ముక్క సంపాదించి మేడ మీద ఇసుకేసి నూరుతున్నాడు. ఐదు రోజులైంది. నిన్న దాంతో ఒక బొప్పాయి కొట్టాడు. చెట్టు కాదు, పండు.