సిగ్నళ్లు కంట్రోల్ ఆఫీసు నుంచే వేయాలా, స్టేషన్ మాస్టరు చేతిలోనే ఉంచాలా?

లూప్‌లైన్
తూర్పు సరుకు కారిడార్‌లో (గూడ్సు బండ్లకని వేసిన లైను) న్యూ భావుపూర్–న్యూ ఖుర్జా భాగం (351 కి.మీ.) 2020 డిసెంబరు 29న మొదలైంది, దాంతోపాటే ప్రయాగ్‌రాజ్ కంట్రోల్ సెంటర్ కూడా. అక్కడ కూర్చున్నవాళ్లు బండ్లను చూడటంతో ఆగరు, సిగ్నళ్లూ వేయగలరు. మన డివిజన్లలో చాలాచోట్ల సెక్షన్ కంట్రోలర్ (ఒక లైను భాగంలోని బండ్లన్నిటినీ కంట్రోల్ ఆఫీసు నుంచి నడిపించేవారు) ఫోన్‌లో చెప్తే స్టేషన్ మాస్టరు ప్యానెల్ (బటన్ల బల్ల) మీద రూటు పెడతారు, అంటే బండి వెళ్లే దారి కలిపి సిగ్నల్ ఇస్తారు. విజయవాడ–గూడూరు లాంటి రద్దీ లైన్లలో ఆ అధికారం కూడా కంట్రోల్‌కే ఇచ్చేస్తే ఏమవుతుంది? పని తెలిసినవాళ్లు చెప్పండి.

రూట్‌సెట్
ఇచ్చేయాలి. స్టేషన్లలో పోస్టులూ మిగులుతాయి. ముందు గూడ్సు, వెనక సూపర్‌ఫాస్టు వస్తున్నాయనుకోండి. గూడ్సును ఏ స్టేషన్ లూపులో (బండిని పక్కన నిలిపే లైనులో) పెట్టాలో తేల్చేది కంట్రోలర్. కానీ మూడు స్టేషన్లకు ఫోన్ చేసి ఏ లూపు ఖాళీయో అడగాలి, వాళ్లు రూటు పెట్టేదాకా ఆగాలి. ఈలోపు సూపర్‌ఫాస్టుకు పసుపు సిగ్నల్ పడి వేగం తగ్గిపోతుంది. పైగా మన లూపుల ప్రామాణిక పొడవు 686 మీటర్లు. రెండు రేకులు (బండి పెట్టెల వరుసలు) కలిపి నడిపే లాంగ్‌హాల్ బండి అందులో పట్టదు, దానికి మెయిన్ లైను దారి పొడవునా ఇవ్వాల్సిందే. తన స్టేషన్, పక్క బ్లాకు (పక్క స్టేషన్ దాకా ఉన్న లైను) తప్ప కనపడని మాస్టరు ఆ లెక్క ఎలా వేస్తారు?

భద్రత గురించి భయం అక్కర్లేదు. ఇంటర్‌లాకింగ్, అంటే ప్రమాదకరమైన రూటుకు సిగ్నల్ పడకుండా ఆపే ఏర్పాటు, స్టేషన్‌లోనే ఉంటుంది. కంట్రోల్ నుంచి వెళ్లేది విన్నపం మాత్రమే. రూటు సురక్షితం కాకపోతే స్టేషన్ యంత్రమే ఒప్పుకోదు. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు, అమెరికాలో ఒహాయోలోని స్టాన్లీ–బెర్విక్ మధ్య 1927లోనే చేశారు.

క్రాంక్‌హ్యాండిల్
రూట్‌సెట్ గారూ, అన్నీ పనిచేస్తున్నంతసేపు మీరు చెప్పింది నిజమే. పనిచేయనప్పటి సంగతి చూద్దాం.

పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) తిరగలేదు. కదిలే పట్టాకూ (టంగ్ రైలు) కదలని పట్టాకూ (స్టాక్ రైలు) మధ్య కంకర రాయి ఇరుక్కుంది. 5 మి.మీ. అడ్డం ఉన్నా పాయింటు లాక్ కాకూడదన్నది నియమం, కాబట్టి లాక్ కాదు, సిగ్నల్ పడదు. కంట్రోల్‌లో ఆ గుర్తు మిణుకుమిణుకుమంటుంది. ఆపరేటరు ఇటూ అటూ రెండుసార్లు తిప్పి చూస్తారు. ఆ తర్వాత? క్రాంక్ హ్యాండిల్ (పాయింటును చేత్తో తిప్పే కడ్డీ) బయటికి తీయాలి, ఒకరు పాయింటు దగ్గరికి నడవాలి, రాయి తీయాలి. అప్పటికీ సెట్ కాకపోతే చేత్తో తిప్పి, క్లాంపు బిగించి తాళం వేయాలి, లోకో పైలట్‌కు ఎర్ర సిగ్నల్ దాటడానికి అనుమతినిచ్చే టీ/369(3బీ) కాగితం ఇవ్వాలి. ఇవన్నీ చేసే మనిషి స్టేషన్‌లో లేకపోతే పక్క స్టేషన్ నుంచి రోడ్డు మీద రావాలి. ఆ బండీ, దాని వెనక బండ్లూ అంతసేపూ నిలబడాల్సిందే.

యాక్సిల్ కౌంటర్ (వెళ్లిన, వచ్చిన ఇరుసులను లెక్కపెట్టి లైను ఖాళీయో కాదో చెప్పే పరికరం) కథ ఇంకా ఇబ్బంది. బండి వెళ్లిపోయినా లెక్క తేడా వచ్చి సెక్షన్ ఎర్రగానే ఉంటుంది. లైను ఖాళీగా ఉందని ఒకరు నిర్ధారించాకే రీసెట్. ప్రిపరేటరీ రీసెట్ పద్ధతిలో అయితే రీసెట్ కొట్టినా, ఒక బండి మెల్లగా దాటి లెక్క సరిపోయాకే క్లియర్ చూపిస్తుంది. వంద కిలోమీటర్ల అవతల తెర ముందున్నవాళ్లు ఏం చూసి నిర్ధారిస్తారు?

డేటాలాగర్
ఇద్దరూ సిగ్నల్ దగ్గరే ఆగిపోయారు, నాకు కంట్రోల్‌నూ స్టేషన్లనూ కలిపే కేబుల్ గురించి బెంగ. 2022 అక్టోబరు 8న జర్మనీలో రెండు చోట్ల, బెర్లిన్‌లోనూ హెర్నెలోనూ, కేబుళ్లు కోసేశారు. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాలి. రెండూ పోయేసరికి రైలు రేడియో ఆగిపోయి, ఉత్తర జర్మనీలో దూరప్రయాణ రైళ్లు మూడు గంటల దాకా నిలిచిపోయాయి. మన దగ్గర కోసేవాడే రానక్కర్లేదు, మూడో లైను పనిలో జేసీబీ చాలు. ఫైబర్ రింగు (ఒక దారి తెగితే రెండో దారి ఆదుకునే కేబుల్ వలయం) అంటూనే రెండు దారులనూ ఒకే కందకంలో వేస్తే అది కాగితం మీదే రింగు. రెండోది ట్రాక్ అవతలి వైపునో, వేరే మార్గంలోనో రావాలి. బ్యాకప్ సెంటరు కూడా అదే భవనం పై అంతస్తులో ఉంటే లాభం లేదు. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు కలిసే పోయాయి.

ఇంకొకటి, అలారాలు. ఒక ఆపరేటరుకు సగటున పది నిమిషాలకు ఒక అలారం లోపు ఉంటే మోయగలరని పరిశ్రమల్లో అలారాలకు వాడే ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం. ఇరవై స్టేషన్ల డేటా లాగర్లను (సిగ్నల్ పరికరాల మార్పులను నమోదు చేసే యంత్రాలను) వడకట్టకుండా ఒకే తెర మీదికి వదిలారంటే, గేటు బూమ్ అలారం, బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజు అన్నీ ఒకే గంట కొడతాయి. రెండో రోజుకే ఆ శబ్దం ఆపేస్తారు. బడ్జెట్‌లో మొదటి పద్దు వీడియో వాల్ కాదండీ, అలారాల వర్గీకరణ.

రూట్‌సెట్
అలారాల మాట ఒప్పుకుంటాను. కానీ క్రాంక్‌హ్యాండిల్ గారూ, స్టేషన్‌లో మనిషి ఉన్నంత మాత్రాన అన్నీ పట్టుబడవు. బహనగా బజార్‌లో (ఒడిశా, 2023 జూన్ 2 రైలు ప్రమాదం) సిగ్నల్ వైరింగు మార్పుల్లో జరిగిన లోపాల వల్ల, పాయింటు లూపు వైపు ఉండగానే మెయిన్ లైనుకు ఆకుపచ్చ పడింది. పాయింట్ల అసాధారణ ప్రవర్తన అంతకుముందు పదేపదే కనపడినా సిగ్నల్ సిబ్బందికి చేరలేదని విచారణలో తేలింది. అలాంటి పునరావృతాన్ని కంట్రోల్‌లోని కంప్యూటరు మనిషి కంటే ముందే పట్టుకుంటుంది.

క్రాంక్‌హ్యాండిల్
పట్టుకుంటుంది, ఎవరైనా ఆ రిపోర్టు చదివితే! అయినా ఆ పనికి డేటా పైకి వెళ్తే చాలు, అధికారం వెళ్లనక్కర్లేదు.

సరే, నా షరతులు ఇవి. రూటు పెట్టడం, రద్దు చేయడం, మామూలుగా పాయింటు తిప్పడం కంట్రోల్‌కు ఇవ్వండి. ఎమర్జెన్సీ పాయింటు బటన్ (ట్రాక్ ఖాళీగా చూపించకపోయినా పాయింటు తిప్పేది), యాక్సిల్ రీసెట్, ట్రాక్ పని కోసం ఆపిన లైనును మళ్లీ తెరవడం మాత్రం స్టేషన్ తాళంచెవి లేకుండా కదలకూడదు. మూడోది ముఖ్యం. పొరపాటున పని జరుగుతున్న పక్క లైనును తెరిచారంటే, పట్టాల మీద ట్రాక్‌మెన్ ఉండగానే సిగ్నల్ పడుతుంది. ఆ తప్పును ఇంటర్‌లాకింగ్ ఆపలేదు, దానికి మనుషులు కనపడరు.

డేటాలాగర్
దీనికి నేను సరే. మార్పిడి కూడా ఒకేసారి వద్దు. మొదట కంట్రోల్‌కు తెర మీద చూసే వీలు మాత్రమే ఇవ్వండి. తెర మీది ప్రతి గుర్తునూ స్టేషన్ ప్యానెల్‌తో ఒక్కొక్కటిగా సరిపోల్చాక గేట్లు లేని చిన్న స్టేషన్లకు కంట్రోల్ మోడ్, జంక్షన్లు చివర. లింకు తెగితే స్టేషన్ ఎన్ని సెకన్లలో లోకల్‌కు (మాస్టరు చేతికి) వస్తుందో రద్దీ వేళ కూడా పరీక్షించాలి, అర్ధరాత్రి ఖాళీ లైనులో కాదు.

లూప్‌లైన్
మరి గేట్‌మ్యాన్‌తో ప్రైవేటు నంబరు (గేటు మూశారన్న హామీగా చెప్పే రహస్య అంకె) ఇచ్చిపుచ్చుకునేది ఎవరు? ఒకే ఆపరేటరు పదిహేను గేట్లతో మాట్లాడుతూ సిగ్నళ్లు కూడా చూడాలా?

క్రాంక్‌హ్యాండిల్
కుదరదు. వంతెనలు కట్టి ఆ గేట్లు ఎత్తేసేదాకా ఆ స్టేషన్లు మాస్టరు చేతిలోనే ఉండాలి. లేదంటే గేట్లకని వేరే డెస్కు, వేరే మనిషి పెట్టాలి. మరి మిగులుతాయన్న పోస్టులు ఎక్కడ మిగిలాయో రూట్‌సెట్ గారే లెక్క చెప్పాలి.