అప్‌డేట్: అమ్మతో ఆంగ్కోర్ వెళ్ళొచ్చాం

మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కంబోడియాలోని ఆంగ్కోర్ వాట్ గుడి తిరగగలదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, తిరిగింది! 62 డాలర్ల మూడు రోజుల పాస్ తీసుకున్నాం. పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నం ఎండలో గదిలోనే ఉన్నాం. పై అంతస్తు మెట్లు మాత్రం చాలా నిటారు. అమ్మ కిందే ఆగిపోయింది.

అయినా లోటనిపించలేదు. తూర్పు వైపు గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కారు. వాసుకిని, కూర్మాన్ని, మధ్యలో విష్ణుమూర్తిని గైడ్ చెప్పకముందే అమ్మ గుర్తుపట్టి నాకు కథంతా చెప్పింది. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ కట్టించిన గుడి ఇది.

పెద్దవాళ్ళుంటే ఆంగ్కోర్ ప్రాంతంలోనే ఉన్న బాంతే శ్రీ వదలకండి. చిన్న గుడి, నడక తక్కువ. ఎర్రరాతిపై కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడి దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు తప్పనిసరి. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.