చిన్నప్పుడు చెప్పుల్లేకుంట పెరిగినోళ్లకు బేర్‌ఫుట్ షూస్ మెల్లగ అలవాటు చేసుకునుడు అవసరమా?

ఎర్రనేల (నల్లగొండ):
కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారైతున్న. 2022 నోటిఫికేషన్ లెక్కన మగోళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల ఉరకాలె. మొన్న బేర్‌ఫుట్ షూస్ తెప్పిచ్చిన. మడిమ కింద ఎత్తు లేదు, అట్ట పల్చగ ఉంది, వేళ్ల దగ్గర వెడల్పు. డబ్బాల కాగితమేమో ముందుగాల రోజుకు కొద్దిసేపు నడువుండ్రి, ఉరుకుడు తర్వాత అంటున్నది. పదో తరగతి దాక చెప్పుల్లేకుంట చేన్లపొంట తిరిగినోన్ని, నాకెందుకీ పత్యం? గ్రౌండ్ల దోస్తులు రెండు తీర్ల చెప్తున్నరు.

పాలమూరు పోరడు:
ఏం కాదన్నా, ఏసుకొని ఉరుకు. 1960 రోమ్ ఒలింపిక్స్‌ల అబెబె బికిలా ఉత్తకాళ్లతోని మారథాన్ గెలిచిండు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లల. ఆయనకెవలిచ్చిన్రు కాగితం?

పిక్కబలం:
అదే బికిలా 1964ల టోక్యోల బూట్లేసుకొని గెలిచిండు, ఇంక మూడు నిమిషాలు తక్కువల. దాన్నేమంటవ్ మరి?

ఫిజియో అక్క (మిర్యాలగూడ):
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. పదో తరగతి తర్వాత ఇప్పటిదాకా ఏం వేసుకుని పరిగెత్తుతున్నావు? మెత్తటి మడమ ఉన్న బూట్లే కదా. మామూలు రన్నింగ్ షూస్‌లో మడమ భాగం ముందు భాగంకన్నా సుమారు 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుంటుంది. ఏళ్ల తరబడి ఆ ఎత్తు మీద ఉంటే పిక్క, మడమ వెనక నరం (అకిలిస్ టెండన్) అంతమేరకే సాగడానికి అలవాటు పడతాయి. ఎత్తు తీసేస్తే అడుగడుక్కీ ఆ భారం వాటి మీదే పడుతుంది. 2010లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ పత్రికలో రాసింది: అలవాటుగా ఉత్తకాళ్లతో పరిగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారు, బూట్లవాళ్లలో ఎక్కువమంది మడమ మీద. కాబట్టి నువ్వు మార్చేది చెప్పులే కాదు, పరిగెత్తే తీరు కూడా.

అసలు భయం ఎముకలతో. 2013లో అమెరికాలో 36 మంది రన్నర్ల మీద 10 వారాలు పరీక్ష చేశారు. వేళ్ల బూట్లకు (ఒక్కో వేలికి విడి అర ఉండే బేర్‌ఫుట్ షూస్) మారిన 19 మందిలో 10 మందికి ఎమ్మారైలో పాదం ఎముకల లోపల వాపు పెరిగి కనిపించింది. వాళ్లు కూడా ఒక్కసారిగా మారలేదు, నెమ్మదిగా పెంచుకుంటూ పోయినవాళ్లే.

పాలమూరు పోరడు:
అక్కా, వాళ్లు పుట్టుకతోనే బూట్లేసుకున్నోళ్లు. మన దేశం లెక్క చూడుండ్రి. 1992ల మంగళూరు దిక్కు డాక్టర్లు 2300 మంది పిల్లల కాళ్లు చూసిన్రు. చెప్పులు, బూట్లు తొడిగేటోళ్లల చదును పాదం 8.6 శాతం, తొడగనోళ్లల 2.8 శాతమే. కాళ్లను ఖరాబు చేసేదే బూట్లు. అసొంటివాటిని ఇడిసిపెట్టనీకి మల్ల భయమెందుకు?

ఫిజియో అక్క:
ఆ లెక్క నిజమే, నేనూ నమ్ముతాను. కాని వాళ్లు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు, పాదం వంపు తయారయ్యే వయసు. ఎర్రనేలకు ఆ వంపు బాగానే ఉండి ఉంటుంది, చేలకు దండం పెట్టుకోవాలి. అది వేరు, బూట్లకు అలవాటుపడ్డ ఎముక రోజూ గట్టినేల మీద దెబ్బ తట్టుకోవడం వేరు. చేనులో ఆగకుండా ఎంతసేపు పరిగెత్తావు? దున్నిన నేల, గట్టు, మధ్యలో పల్లేరుకాయ గుచ్చుకుంటే ఆగేవాడివి. తారురోడ్డు మీద ఒకే తీరుగా వేల అడుగులు పడతాయి, ఆపేవాళ్లుండరు.

స్వామి శరణం:
మేం ఏటా మాలేసుకొని 41 రోజులు చెప్పుల్లేకుంట తిరుగుతం. తొలుత అరికాళ్లు మండుతయి, తర్వాత తోలు గట్టిపడుతది. అందరం ఊర్లల్ల పెరిగినోళ్లమే, అయినా బండల మీద నిలబడే కొలువున్నోళ్లకు మడిమలు గుంజుతయి. అదీ నడుసుడుకే. ఉరుకుడు సంగతి నాకెర్క లేదు.

పిక్కబలం:
కురుమూర్తి స్వామికే ఏటా చిన్నవడ్డెమాన్ల కొత్త ఉద్దాలు (పాదుకలు) కుట్టి ఊరేగిస్తరు. దేవుడే ఉత్తకాళ్లతోని ఉండడు, ఈ పోరడేమో ఒలింపిక్స్ అంటడు 😀

ఇంకో ముచ్చట. వేళ్ల బూట్లు అమ్మే వైబ్రామ్ కంపెనీ మీద అమెరికాల కేసు పడ్డది, పాదాలకు బలమొస్తది, దెబ్బలు తగ్గుతయి అన్న ప్రచారానికి రుజువు లేదని. 2014ల తప్పు ఒప్పుకోకుంటనే 37.5 లక్షల డాలర్లకు రాజీ పడ్డరు. గందుకే కంపెనీ మాట ఇని కొనకుండ్రి.

పాలమూరు పోరడు:
కంపెనీని నేనేం మెచ్చుకుంటలేను. ఉత్తకాళ్లే మేలంటున్న. 1600 అంటే నాలుగు రౌండ్లు. గంతదానికి ఎముక ఇరుగుతదా?

ఫిజియో అక్క:
ఈవెంట్ రోజు నాలుగు రౌండ్లతో విరగదు. దానికోసం నెలలు చేసే ప్రాక్టీసు గురించి నేను చెప్పేది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఈవెంట్స్ దగ్గర పడ్డాక బూట్లు మార్చినవాళ్లే. తేదీ వచ్చాక ఏదీ మార్చొద్దు. ఇప్పుడైతే టైమింగ్ పరుగు పాత బూట్లతోనే కొనసాగించు. కొత్తవి ముందు నడకకు, పిక్కలు పట్టేయకుండా ఉంటే మట్టి మీద చిన్న జాగింగ్‌కు. రోజూ మెట్టు అంచున నిలబడి మడమలు లేపుతూ దించు. పిక్కలు రెండూ సమానంగా పీకితే పర్వాలేదు. పాదం పైభాగంలో వేలితో చూపించగలిగేంత ఒక్కచోటే నొప్పి ఉంటే ఆపెయ్, డాక్టరుకు చూపించు.

చదివేవాళ్లలో షుగర్ ఉండి అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లుంటే ఈ చర్చ మీకు కాదు. మీకు మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులే, ఇంట్లో కూడా.

ఎర్రనేల:
సరే అక్కా. ఇంటికెల్లి ఎన్జీ కాలేజీ గ్రౌండ్ దాక తారురోడ్డు మీద పాతయి, లోపల మట్టిల కొత్తయి. మరి లాంగ్ జంప్‌కు? 4 మీటర్లు దుంకాలె.

ఫిజియో అక్క:
దానికి పాతవే. పల్చటి అట్టతో టేకాఫ్ కొడితే మొత్తం దెబ్బ ముందరి పాదానికే.

పాలమూరు పోరడు:
రెండు జతలు సంచిల ఏసుకొని తిరుగు ఇగ. నేనైతే ఉత్తకాళ్లతోనే ఉరుకుత.