ఈ వారం సమస్య: బట్టలేనివాఁడె భాగ్యశాలి

సంచాలిక:
పోయిన డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ నడకకు వెళ్లొచ్చినప్పటి నుంచి ఈ పాదం నా నోట్లో తిరుగుతోంది. నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేనాటికి నా సంచి 14 కిలోలు. నేను 55 కిలోలు. ఒంటి బరువులో అయిదో వంతు మించి వీపున వేసుకోవద్దని నడిచేవాళ్లంతా చెప్పే మాటే, అంటే 11 కిలోలు. ఆ పైనున్న మూడు కిలోలూ బట్టలే. సగం తొడగనే లేదు. వాటిని మంచులో కంచరగాడిద మోసింది. దాని వెనకే నడుస్తుంటే సిగ్గేసింది.

ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించండి. విషయం కొండ నడక: తక్కువ సామాను, కొండకు చెరుపు చేయకపోవడం. శివుడి మీద, దిగంబరుల మీద పూరణలు పంపకండి. అవి ఎప్పుడూ వచ్చేవే.

మూసీ ఒడ్డు:
ఏడు జతలు మోసి యెక్కలేఁ డొక్కఁడు;
తడిసి ముద్దయైనఁ దడియు మోసె;
రెండు జతలవాఁడు రివ్వనె, నదనపు
బట్టలేనివాఁడె భాగ్యశాలి.

రెండు జతలంటే ఒకటి ఒంటిమీద, ఒకటి రాత్రి గుడారంలో తొడుక్కోవడానికి. రెండోది ఎంత వానొచ్చినా తడవనివ్వకూడదు. పగలు తడిసింది తెల్లారి మళ్లీ తడిగానే వేసుకోవాలి. మొదటి అయిదు నిమిషాలు కష్టం, నడక మొదలైతే ఒంటి వేడికే ఆరుతుంది.

చిక్కడపల్లి మాస్టారు:
"తడియు మోసె" దగ్గర ఆగిపోయాను నాయనా. పద్యం ప్రాణమంతా అక్కడే ఉంది. నూలు చొక్కా నీళ్లు పీల్చుకుని రెండింతలు బరువెక్కుతుంది, చలిలో ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. రెండు మాటల్లో ఇదంతా చెప్పావు. "అదనపు" మాత్రం అరసున్నల పక్కన ఆఫీసు కాగితం మాటలా ఉంది.

రాళ్లగుట్ట:
రెండో పాదం నిజంగా బాగుంది, ఒప్పుకుంటాను. కాని మూసీ ఒడ్డు గారి పద్యాల్లో ఎవరో ఒకరు రివ్వుమనకుండా ఉండరు. వానల సమస్యలో కొంగ రివ్వుమంది, సంక్రాంతి సమస్యలో గాలిపటం రివ్వుమంది, ఇప్పుడు మనిషి. కొండెక్కేవాడు రివ్వుమంటే సగం దారిలో ఊపిరాడక కూర్చుంటాడు. 12,500 అడుగుల చోట నెమ్మదిగా నడిచేవాడే పైకి చేరతాడు.

మూసీ ఒడ్డు:
నెమ్మది మాట నిజమే, తీసుకున్నాను. సంక్రాంతి సమస్య ఎత్తారు కాబట్టి అడుగుతున్నా: అందులో మీ మూడో పాదంలో అఖండయతి (సంధిలో కలిసిన అక్షరాన్ని విడదీయకుండానే యతి కుదర్చడం) వేశారు, ఎవరూ పలకలేదు. అదే నేను వేస్తే మూడు రోజులు చర్చ నడిచేది.

రాళ్లగుట్ట:
అఖండయతిని ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకునే పక్షం. అది దాచి వేసింది కాదు.

సంచాలిక:
అఖండయతికి వేరే రోజు పెడదాం. రాళ్లగుట్ట గారూ, మీ పూరణ ఏది?

రాళ్లగుట్ట:
చెత్త విడువఁ డెచటఁ జితుకులు గాల్పఁడు;
గడ్డి నలుగకుండఁ గాలు మోపు;
వెనుకఁ దిరిగి చూడ వీసమంతయుఁ దన
బట్టలేనివాఁడె భాగ్యశాలి.

బట్ట అంటే దారి. పాత కన్నడంలో బట్టె కూడా అంతే.

చిక్కడపల్లి మాస్టారు:
ఆహా! సమస్య చూడగానే నాకు వస్త్రం తప్ప ఇంకోటి తోచలేదు. "తన బట్ట" అనేసరికి దారి కాస్తా అడుగుజాడ అయింది. ఈ వారం దీన్ని మించిన విరుపు రావడం కష్టం.

మూసీ ఒడ్డు:
విరుపు గొప్పదే. "ఎచట" మాత్రం గణం నింపడానికే వచ్చింది, తీసేసినా అర్థం చెడదు. దానికన్నా నన్ను ఆపింది భావం. దారి లేకుండా నడవడం భాగ్యమా? కొండమీద ఉన్న బాట వదిలి అడ్డంగా నడిస్తేనే కదా మట్టి కోసుకుపోయేది. తిరుగు మలుపుల దగ్గర అడ్డదారులు తొక్కి తొక్కి వానకు కాలవలైన చోట్లు నేను చూశాను.

రాళ్లగుట్ట:
మంచి ప్రశ్న. బాట ఉన్నచోట బాట మీదే నడవాలి, బురదగా ఉన్నా సరే. నా పద్యం బాట లేని పచ్చిక గురించి. అక్కడ పదిమంది ఒకరి వెనక ఒకరు నడిస్తే కొత్త దారి పడిపోతుంది, మరుసటి ఏడు అందరూ దాన్నే తొక్కుతారు. విడివిడిగా, వీలైతే రాళ్లమీద నడిస్తే గడ్డి మళ్లీ లేస్తుంది. వాడు పోయాక వాడి "బట్ట" లేదు. మూడో పాదంలో "వెనుకఁ దిరిగి చూడ" అని రాసింది అందుకే.

మూసీ ఒడ్డు:
అయితే సరే. ఇప్పుడు పద్యం ఇంకా నచ్చింది.

అల్వాల్ అక్క:
మొదటి పాదానికి నా మాట కూడా. చెత్త కొండమీద విడవకపోవడం ఇంట్లోనే మొదలవుతుంది. బిస్కెట్ల రేపర్లు, నూడుల్స్ కవర్లు ఇక్కడే విప్పి, తినేది ఒక్క డబ్బాలో పోసుకుంటే మోసేదీ తగ్గుతుంది, పారేసేదీ ఉండదు. నా సంచిలో అటుకులు, వేయించిన పల్లీలు, పేలాలపిండి, బెల్లం. సబ్బు మట్టిలో కలిసిపోయే రకమైనా వాగులో కలపకూడదు. నీటికి 60 మీటర్లు దూరంగా వెళ్లి కడుక్కోవాలి. దొడ్డికి కూడా అంతే దూరం, జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. మేం వెళ్లినప్పుడు మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లే వంట గుడారం వెనక కవర్ల కుప్ప వదిలేశారు. దిగేటప్పుడు ముగ్గురం ఏరుకొచ్చాం. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

నా పూరణ:

అరువదేండ్లు దాటి యవ్వ తా నడచెను;
కుట్టుకొన్న సంచి కొంగుమూట;
కడకుఁ జేరి నిలిచి కడు సంతసమ్మునుఁ
బట్టలేనివాఁడె భాగ్యశాలి.

అవ్వ అంటే అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్. 1955లో, 67 ఏళ్ల వయసులో, అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట మొత్తం ఒంటరిగా నడిచింది. 3,200 కిలోమీటర్ల పైమాటే. గుడారం లేదు. తానే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన, కాన్వాసు బూట్లు కాళ్లకు, వానకు స్నానాలగది తెర. తేలిక సామాను అనగానే వేలకు వేలు పోసి కొత్తవి కొనేవాళ్లకు ఈ అవ్వ సంగతి చెబుతుంటాను. ఇంట్లో ఉన్నదాన్ని వాడుకోవడం కన్నా భూమికి తేలికైనది లేదు.

చిక్కడపల్లి మాస్టారు:
"సంతసమ్మునుఁ బట్టలేని"! పకారాన్ని బకారం వెనక దాచావమ్మా. రాళ్లగుట్టను మించినది రాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాళ్లగుట్ట:
మాస్టారు మాట వెనక్కి తీసుకున్నందుకు బాధ లేదు, విరుపు నిజంగా నాదానికన్నా సహజంగా ఉంది. కాని అక్కా, నడిచింది అవ్వ. చివర "వాఁడె" ఎవరు?

అల్వాల్ అక్క:
అయ్యో. నాలుగుసార్లు చదివి పంపాను, కనబడలేదు.

మూసీ ఒడ్డు:
అవ్వను కదపకండి. మూడో పాదంలో ఇంకొకణ్ణి తెస్తే చాలు, ఆమె వెనక నడిచేవాణ్ణి.

అల్వాల్ అక్క:
ఆమె వెంట నడచి యా సంతసమ్మునుఁ
బట్టలేనివాఁడె భాగ్యశాలి.

కుదిరిందా?

రాళ్లగుట్ట:
కుదిరింది. ముందుకన్నా బాగుంది. "ఆ సంతసము" అనడంతో అవ్వకు దక్కిందే వీడికీ దక్కింది. మూసీ ఒడ్డు గారి సూచన మంచిది.

రామంతాపూర్ కుర్రాడు:
నమస్కారం, నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

తుండుగుడ్డ యొకటె తువాలు, దుప్పటి,
తలకుఁ బాగ, చలికిఁ దగిన శాలు;
ఒక్క గుడ్డ చాలు నొడలికి, వేఱొండు
బట్టలేనివాఁడె భాగ్యశాలి.

చిక్కడపల్లి మాస్టారు:
మొదటిదే ఇంత శుభ్రంగా వచ్చిందా! మొదటి పాదం ఇంకోసారి పైకి చదువు. "తువాలు" దగ్గర నాలుక జారుతుంది.

మూసీ ఒడ్డు:
వకారానికి ఒత్తు పెట్టు తమ్ముడూ, తువ్వాలు. మన ఇళ్లలో పలికేది కూడా అదే కదా.

రాళ్లగుట్ట:
ఒత్తుతో సరిపోతుంది. ఇక గుడ్డ సంగతి: తుండుగుడ్డ పలచన, భువనగిరి బండమీద ఎండకు పది నిమిషాల్లో ఆరుతుంది. మంచులో మాత్రం అది శాలువా కాలేదు, నూలు కదా. మాస్టారు పైన చెప్పిందే. ఎక్కడికి వెళుతున్నావు?

రామంతాపూర్ కుర్రాడు:
ఒత్తు పెట్టేశాను. ఈ ఆదివారం అనంతగిరికి అన్నా, ఒక రాత్రి ఉంటాం. ఇందాకే సంచి తూచాను, నీళ్లతో కలిపి 5 కిలోల 200 గ్రాములు.

మూసీ ఒడ్డు:
మా మూసీ పుట్టిన చోటికే వెళుతున్నావు. గుడి దగ్గర కోతులుంటాయి, అటుకుల డబ్బా సంచి అడుగున పెట్టుకో.

రాళ్లగుట్ట:
వచ్చాక మళ్లీ తూచి చెప్పు తమ్ముడూ, తెచ్చిన చెత్తతో కలిపి.