సమస్యాపూరణం: "పక్షి యెగురు ననుట పచ్చి కల్ల"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య చిన్నపిల్లల కోసం. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

ఆరేడేళ్ళ పిల్లలకి చదివి వినిపిస్తే అర్థమయ్యేలా రాయండి. పక్షికీ మిగతా జంతువులకీ తేడా ఎక్కడుందో పద్యంలోనే తెలియాలి. "ఎగిరేదే పక్షి" అని పిల్లలు ముందే పట్టేసుకుంటారు. ఆ ముడి విప్పడమే మన పని. పిల్లల పద్యం కదా అని ఛందస్సులో సడలింపు ఉండదు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం, నాలుగో గణం మొదట రావాలి.

గిజిగాడు:
మంచునేల మీద మసలి, నీట మునిగి,
చేపలెన్నొ పట్టి చెలగి మెక్కు
తెడ్డు వంటి రెక్క తిప్పెడి పెంగ్విను
పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

నిర్వాహకుడు:
గిజిగాడు గారూ, మంచి ఎత్తుగడ. మూడో పాదం చివరి "పెంగ్విను"ని సమస్యలోని "పక్షి"తో కలిపేయడంతో చిక్కు దానంతటదే విడిపోయింది. రెండో పాదంలో చిన్న ఇబ్బంది ఉంది. పిల్లలు పాదం చివర ఆగరు, "మెక్కు తెడ్డు" అని కలిపి చదివేస్తారు. "చెలగి మెక్కి" అంటే గణం మారదు, అర్థం తేటపడుతుంది.

బడిపంతులు:
పెంగ్విన్లన్నీ మంచులోనే ఉండవండి. భూమధ్యరేఖ దగ్గరి గలపాగస్ దీవుల్లో కూడా ఒక జాతి ఉంది. పద్యానికి దోషం కాదు గానీ, పిల్లలకి చెప్పేటప్పుడు ఆ మాట కలపాలి. ఎగిరే పక్షుల ఎముకలు చాలావరకు లోపల బోలుగా, తేలిగ్గా ఉంటాయి. పెంగ్విన్‌వి మాత్రం గట్టిగా, బరువుగా ఉంటాయి. నీళ్ళలో మునగడానికి ఆ బరువే సాయం.

మధుమాలతి:
పరుగు పందెమందు పట్టుబడని దిట్ట,
పెద్ద గుడ్డు పెట్టు పిట్ట యైన
నిప్పుకోడి తాను నింగి కెగుర లేదు
పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

నిర్వాహకుడు:
మధుమాలతి గారూ, ధార బాగుంది, యతులన్నీ కుదిరాయి. అయితే వాదంలో లోటుంది. నిప్పుకోడి ఒక్కటి ఎగరలేదని పక్షులేవీ ఎగరవనడం ఎలా కుదురుతుంది? కిటికీలోంచి పిచ్చుకను చూసిన పిల్లవాడు వెంటనే అడ్డు తగులుతాడు. మూడో పాదం ఇలా మార్చి చూడండి.

నిప్పుకోడి పేర నేల దిరుగునట్టి
పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

మధుమాలతి:
చాలా బాగుందండీ, ఇలాగే ఉంచుతాను. గంటకి 70 కిలోమీటర్ల వేగం అందుకోగల పక్షి అది. పరుగు సంగతి పద్యంలో ఉండాల్సిందేనని మొదటి పాదం దానికే ఇచ్చాను.

బడిపంతులు:
నా పూరణ:

పాలు పట్టి సాకు పాపల నెప్పుడు
పళ్ళు గలవు నోట, పైన బొచ్చు
కాళ్ళతోడ వేలు గబ్బిలంబనియెడి
పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

రాగమాలిక:
పంతులు గారూ, అంతా ఎగరనివాటి వెంట పడితే మీరు ఎగిరేదాన్ని తెచ్చారు! కానీ ఒక సందేహం. పద్యం విన్న పిల్లలు "గబ్బిలం ఎగరదు" అనుకోరూ?

బడిపంతులు:
కల్ల "ఎగురును" అన్న మాటలో లేదమ్మా, "పక్షి" అన్న మాటలో ఉంది. చదివి వినిపించేవారు "గబ్బిలంబనియెడి పక్షి" దగ్గర గొంతు కాస్త పెంచి ఆగితే పిల్లలకి అందుతుంది. గబ్బిలం నిజంగానే ఎగురుతుంది. పాలిచ్చే జంతువుల్లో రెక్కలాడిస్తూ ఎగిరేది అదొక్కటే. కొన్ని ఉడతలు చెట్టు మీంచి చెట్టు మీదికి గాలిలో జారతాయి, అంతే. గబ్బిలం రెక్కలో ఈక ఒక్కటీ ఉండదు. పొడుగాటి వేళ్ళ ఎముకల మధ్య సాగిన పలచటి చర్మమే దాని రెక్క.

నిర్వాహకుడు:
ఇప్పటిదాకా వచ్చిన మూడు పద్యాలూ పక్షికి ఏది గుర్తు కాదో చెప్పాయి. ఏది గుర్తో చెప్పే పద్యం ఇంకా రాలేదు. అందుకని నాదొకటి:

తేలి యెగురు నీగ, తేనెటీగయు గూడ
గుడ్డు పెట్టు పాము, కూర్మమైన
మేని యీకె గురుతు. మీరు గుర్తుగ నెంచి
పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

మధుమాలతి:
"కూర్మం" ఆరేళ్ళ పిల్లలకి తెలుస్తుందాండీ? "తాబేలు" అందామంటే సూర్యగణంలో ఇమడదు. "గుడ్డు పెట్టు పాము, గోడ బల్లి" అంటే ఎలా ఉంటుంది? గు–గో యతి కూడా సరిపోతుంది.

నిర్వాహకుడు:
భేషుగ్గా ఉంది. పద్యంలో అదే పెడుతున్నాను.

బడిపంతులు:
పాములన్నీ గుడ్లు పెట్టవు సుమా, రక్తపింజర పిల్లల్నే కంటుంది. మీ మూడో పాదం మాత్రం అసలు విషయం పట్టుకుంది. ముక్కు చూద్దామంటే తాబేలుకీ పళ్ళు లేని ముక్కుంది. గుడ్డు, ముక్కు రెండూ కావాలంటే బాతుముక్కు జంతువు ప్లాటిపస్‌కి ఉన్నాయి, కానీ అది పిల్లలకి పాలిస్తుంది. ఒంటి వెచ్చదనం మనకీ ఉంది. ఇలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే ఇప్పుడు బతికున్న జంతువుల్లో పక్షికి మాత్రమే మిగిలేది ఈక. పూర్వం కొన్ని డైనోసార్లకీ ఈకలుండేవి. పక్షులు ఆ వంశంలోంచే వచ్చాయి.

రాలిన ఈక ఒకటి పిల్లల చేతికివ్వండి. మన గోళ్ళలాగే అదీ ఒక గట్టి పదార్థమైన కెరటిన్‌తోనే తయారవుతుంది. నడుమ కాడ, దానికి రెండు వైపులా సన్నటి పోగులు, ఆ పోగులకి ఇంకా సన్నటి నూగు, ఆ నూగులో కంటికి కనబడని కొక్కేలు. కొస నుంచి మొదలు వైపు వేలితో దువ్వితే పోగులు విడిపోయి సందులు పడతాయి. మొదలు నుంచి కొసకి మెల్లగా నిమిరితే కొక్కేలు మళ్ళీ తగులుకుని సందులు మూసుకుపోతాయి. పక్షి ముక్కుతో ఈకలు సవరించుకునేటప్పుడు చేసే పని కూడా ఇదే. ఇది చేయించాక పద్యం చదవండి, మూడో పాదం వాళ్ళే చెబుతారు.

రాగమాలిక:
నాదీ చూడండి:

గూటిలోన నున్న గుడ్డు వీడిన పిల్ల
కన్ను విప్ప లేదు, కదల లేదు
రెక్క లింక రాని చిన్నారి పసికూన
పక్షి యెగురు ననుట పచ్చి కల్ల

నిర్వాహకుడు:
రాగమాలిక గారూ, ఊహ చాలా ముచ్చటగా ఉంది. మూడో పాదంలో యతి తప్పింది, రె–చి మైత్రి లేదు. ఇంకో సంగతి. రెక్కలు గుడ్డులోంచి వచ్చేటప్పటికే ఉంటాయి, రానివి ఈకలు. "చిట్టి యీక రాని చిన్నారి పసికూన" అంటే రెండూ ఒకేసారి సరిపోతాయి.

రాగమాలిక:
ధన్యవాదాలండీ, అలాగే మార్చుకుంటాను. మరి ఈకే గుర్తయితే, ఈక రాని కూన పక్షి కాదా అని పిల్లలు అడుగుతారేమో!

బడిపంతులు:
అడగాలి! పిచ్చుక కూన దాదాపు ఒట్టి ఒంటితోనే పుడుతుంది. కోడిపిల్ల నూగు ఈకలతోనే బయటికొస్తుంది. రెండూ పక్షులే. పిచ్చుక కూన చర్మంలో ఈక మొలిచే గుంటలు ముందే సిద్ధంగా ఉంటాయి. కొద్ది రోజుల్లో ఒక్కో గుంటలోంచి సన్నటి గొట్టం పైకొస్తుంది, అది చిట్లి లోపలి ఈక విచ్చుకుంటుంది. మీ పద్యం పక్కన ఆ గొట్టాల బొమ్మ ఒకటి వేయించండి.