శ్రీచరణి తొలి ఏడాది: ఎడమచేతి స్పిన్ నేర్చుకునే పిల్లలకు ఏ మ్యాచ్ చూపించాలి?

స్పిన్‌కోచింగ్_సీమ:
అండర్-15 అమ్మాయిల క్యాంపులో ముగ్గురు ఎడమచేతి స్పిన్ వేస్తున్నారు. అందరూ ఇంగ్లండ్‌లోని ట్రెంట్ బ్రిడ్జ్‌లో మన మహిళల జట్టు ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి తీసిన 4/12 (12 పరుగులకు 4 వికెట్లు) చూపించమంటున్నారు. అంతకన్నా పనికొచ్చే స్పెల్ ఉందా? అందులో ఏం గమనించమనాలి?

స్కోర్‌బుక్:
4/12 తప్పకుండా చూపించండి, కానీ దాంతో మొదలుపెట్టకండి. 2025 జూన్ 28న ఇంగ్లండ్‌పై స్మృతి మంధాన సెంచరీతో మనవాళ్లు 210 కొట్టాక వచ్చిన వికెట్లవి. రన్‌రేట్ తరుముతుంటే బ్యాటర్లు గాల్లోకి లేపక తప్పదు. తన తొలి అంతర్జాతీయ టీ20లోనే నాలుగు వికెట్లు గొప్పే, ఆ సిరీస్‌లో 10 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ కూడా ఆమే.

నేర్చుకోవడానికి మాత్రం 2025 వన్డే ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాపై వేసిన రెండు స్పెల్స్ చూడాలి. విశాఖలో మన 330ని వాళ్లు ఛేదించేశారు. ఆ రోజు చరణి 10 ఓవర్లు, 41 పరుగులు, 3 వికెట్లు. మిగతా 39 ఓవర్లలో 290 వచ్చాయి. నవీ ముంబై సెమీస్‌లో 338 కొట్టించుకున్న ఇన్నింగ్స్‌లోనూ ఆమెవి 10 ఓవర్లు, 49 పరుగులు, 2 వికెట్లు: మూనీ, సదర్లాండ్. అందరూ దెబ్బతింటున్నప్పుడు ఓవరుకు ఐదులోపు ఇవ్వడం, అదీ అసలు విద్య. టోర్నీ మొత్తం మీద 14 వికెట్లు, మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఆమే.

ఎడమవాటం:
పై మాటకు ఒకటి కలుపుతాను. మహిళల వన్డేల్లో పదో ఓవర్ తర్వాత కూడా సర్కిల్ (30 గజాల వలయం) బయట నలుగురు ఫీల్డర్లకు మించి ఉండకూడదు, చివరి పదిలోనూ ఐదోవాళ్లు ఉండరు. అందుకే బంతి వికెట్‌కు రెండు వైపులా పడితే ఫీల్డ్ పెట్టడమే కుదరదు. పిల్లల్ని ముందు ఒకే లైన్ పట్టుకోమనండి: కుడిచేతి బ్యాటర్‌కు మిడిల్-ఆఫ్ మీద పడి బయటికి తిరిగేది. వీడియోలో బంతిని కాక కుడి పాదం ఎక్కడ దిగుతోందో చూడమనండి. చాలామంది ఆ పాదాన్ని అడ్డంగా వేస్తారు. దాంతో నడుము బిగుసుకుపోయి తిరగదు, చెయ్యి ఒక్కటే పనిచేస్తుంది, బంతి ఫ్లాట్‌గా, పొట్టిగా పడి కట్‌కు దొరుకుతుంది. పిల్లలు దాన్ని చేతి తప్పనుకుని గ్రిప్ మార్చేస్తుంటారు. గ్రిప్ ముట్టుకోకండి, క్రీజు దగ్గర సుద్దగీత గీసి పాదాన్ని సరిచేయండి.

స్పిన్‌కోచింగ్_సీమ:
థాంక్సండీ. ఆర్మ్ బాల్ (బయటికి తిరగకుండా నేరుగా లోపలికొచ్చే బంతి) ఇప్పుడే నేర్పవచ్చా?

ఎడమవాటం:
తిరిగే బంతి ఓవర్లో నాలుగైనా అనుకున్నచోట పడేదాకా వద్దు. ఆ ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్‌ను చరణి ఎల్బీగా సున్నాకే పంపింది కదా, ఎల్బీ రావాలంటే బంతి స్టంప్స్ మీదికి రావాలి. బయటికి తిరిగే బంతి మీద బ్యాటర్‌కు నమ్మకం కుదిరాకే లోపలికొచ్చేది పనిచేస్తుంది. నేర్పేటప్పుడు చూపుడువేలు సీమ్ (బంతి కుట్టు) వెంబడి పెట్టించండి, చెయ్యి వేగం మాత్రం మారకూడదు. మారితే చేతిలోనే చదివేస్తారు.