సమస్య: అరెకరాకు గట్టుకంతు లేదు

నిర్వాహకుడు (నెల్లూరు): ఈసారి ఆటవెలది, పై మాట చివరి పాదంగా పద్యం పూరించాలి. పెన్న కాలువల కింద మడి చుట్టూ నడిచినవారికి ఈ మాట అబద్ధంగా తోస్తుంది. గణితంలో మాత్రం నిజం: లోపలి నేలకు హద్దు ఉన్నా చుట్టూ ఉన్న గీత పొడవు అంతులేకుండా పెరగవచ్చు. స్వీడన్ గణితవేత్త హెల్గె ఫాన్ కోహ్ 1904లో చూపిన వక్రరేఖ అలాంటిదే. ఆ దారిన పూరిస్తే సంతోషం, వేరే దారైనా సరే.

కావలి సభ్యుడు:

అన్నదమ్ములిద్ద రన్యాయ మనుకొని
గట్టు జరిపి జరిపి కయ్యమాడి
కోర్టుకెక్కి మెట్లు కొలిచెడి కాలాన
నరెకరాకు గట్టుకంతు లేదు

నిర్వాహకుడు: ధార హాయిగా ఉంది, రెండో పాదం నోట నిలుస్తుంది. అయితే జరిపినంత మాత్రాన గట్టు పొడవు పెరగదు. మీరు తగాదాకు అంతు లేదన్నారు, సమస్య అడిగింది గట్టు సంగతి.

కోవూరు సభ్యురాలు:

గట్టు మూడు చేసి నట్టనడుమఁ గోణ
మెత్తి మరల మరల నెత్తుచుండ
నేల యొక్క చోట నిలిచిపోవును గాని
యరెకరాకు గట్టుకంతు లేదు

నిర్వాహకుడు: భేష్! మూడు భుజాలూ సమానమైన ముక్కోణపు పొలంతో మొదలుపెట్టి, ప్రతి గట్టునూ మూడు సమాన ముక్కలు చేసి, నడిమి ముక్క చోట అంతే పొడవున్న రెండు ముక్కలతో బయటికి కోణం ఎత్తాలి. విడతకు గట్టు 4/3 రెట్లు అవుతుంది, నేల మాత్రం ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పుకోవాలి. మొదటి ముక్కోణానికి 8/5 రెట్ల దగ్గర. అరెకరంతో మొదలుపెడితే 80 సెంట్లు. చివరికి 50 సెంట్లే కావాలంటే 31.25 సెంట్లతో మొదలుపెట్టాలి.

కందుకూరు సభ్యుడు:

సున్న యొకటి యైదు సున్నగా మార్చుచుఁ
దీసి యంకె నాల్గు దింపుచుండ
దిక్కులారు పట్టి తిరుగుచు నడువఁగా
నరెకరాకు గట్టుకంతు లేదు

వివరణ: సందు చుక్కల ముగ్గులో ఒక చుక్క నుంచి ఆరు వైపులకు పోవచ్చు. తూర్పు 0, ఎడమకు తిరుగుతూ 1 నుంచి 5. ఒక్కో అంకె అంటే ఆ వైపు పక్క చుక్కకు ఒక అడుగు. ప్రతి అంకెకూ వరసగా 0, 1, 5, 0 కలిపి నాలుగు అంకెలు రాయాలి. ఆరు గానీ అంతకు మించి గానీ వస్తే ఆరు తీసేయాలి. 0తో మొదలుపెడితే మొదటి విడత: 0150. రెండో విడత: 0150 1201 5045 0150. చుట్టూ మూసిన పొలానికి 0, 4, 2తో మొదలుపెట్టాలి.

ఒంగోలు సభ్యురాలు: చుక్కలు పెట్టి ఆ 16 అడుగులూ పెన్సిలుతో వేశాను. బయలుదేరిన చుక్క నుంచి సూటిగా తూర్పున తొమ్మిదో చుక్క మీద తేలాను. అంటే గీత విడతకు మూడు రెట్లు సాగుతోంది, పొలం తొమ్మిది రెట్లకు పైనే పెరుగుతోంది. ఇక అరెకరం ఎక్కడిది? చుక్కల ఎడం తగ్గాలన్న మాట పద్యంలో లేదు.

కందుకూరు సభ్యుడు: నిజమే. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

చుక్క లెడము మూట నొక్క పాలుగఁ దగ్గ

నిర్వాహకుడు: చుక్క, ఒక్క: ప్రాసయతి కుదిరింది. ఎడం విడతకు మూడో వంతు అవుతుంది గనుక లెక్కా కుదిరింది. ఆరు దిక్కులు పోయినందుకు బాధగా ఉంది కానీ, ఎడం లేకపోతే సమస్యే నిలవదు. నా ఓటు ఈ పూరణకే, విధానం పద్యంలోనూ వివరణలోనూ కలిపి పూర్తిగా ఉంది గనుక. మూడో విడతకు 64 అంకెలు వస్తాయి. ఎవరైనా రాసి పంపండి, సరిచూసే పని నాది.